నీళ్లున్నాయి సరే, నీళ్లల్లో ఏముంది?

శని గ్రహం చుట్టూ తిరిగే ఎన్సెలాడస్ అనే చిన్న ఉపగ్రహం గురించి మన పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా శీర్షిక దాదాపు ఒకేలా ఉంటుంది: ‘శని చందమామపై నీళ్లు’. కింద నాలుగు వాక్యాలు, ఒక బొమ్మ, చివర ‘అక్కడ జీవం ఉందా?’ అనే ప్రశ్న. అంతటితో వార్త అయిపోతుంది.

నేను నల్గొండ జిల్లాలో బోరు పాయింట్లు చూసే జియాలజిస్టును. నీళ్లున్నాయా లేవా అన్న దగ్గరే జనం ఆగిపోవడం నా పనిలో రోజూ చూస్తాను. బోరు బండి వచ్చి, రాత్రంతా డ్రిల్లు తిరిగి, పొడి లేవడం ఆగి, బురద వచ్చి, ఆ తర్వాత నీళ్లు ఎగజిమ్మాయంటే ఇంటిల్లిపాదీ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఎన్నించుల నీళ్లు పడ్డాయని అందరూ అడుగుతారు. ఆ నీళ్లల్లో ఏముందని అడిగేవాళ్లు తక్కువ. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు మాత్రం అడుగుతారు. ఎందుకు అడుగుతారో ఈ జిల్లావాళ్లకు విడమరిచి చెప్పే పనిలేదు: అక్కడి నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, అది ఎముకలను వంచేస్తుంది.

ఎన్సెలాడస్‌కు ఇంకో నౌక వెళ్లాలి, త్వరగా వెళ్లాలి అని నా వాదన. అక్కడ నీళ్లున్న సంగతి తేలిపోయింది. ఇప్పుడు కావాల్సింది ఆ నీళ్లను పద్ధతిగా, మళ్లీ మళ్లీ పరీక్షించడం. ఆ పనిలో మన దేశం చెయ్యి కూడా ఉండాలి. ‘ఇక్కడ తాగే నీళ్లకే దిక్కులేదు, అక్కడి నీళ్లతో ఏం పని’ అనేవాళ్లకు ఫ్లోరైడ్ జిల్లా మనిషిగానే జవాబు చెప్తాను.

ముందు ఆ ఉపగ్రహం సంగతి. విలియం హెర్షెల్ 1789లో దాన్ని కనిపెట్టాడు. అడ్డంగా కొలిస్తే 500 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు తిన్నగా గీత గీస్తే దాదాపు అంత. ఒళ్లంతా మంచు. పడిన ఎండను దాదాపు మొత్తం తిప్పికొట్టేంత తెలుపు. పైన చలి సున్నాకు 200 డిగ్రీల దాకా కింద. 1981లో వాయేజర్ 2 నౌక తీసిన ఫొటోల్లో ఒకపక్క ఉల్కలు పడి ఏర్పడిన గుంతలు, ఇంకోపక్క గుంతలే లేని నునుపైన నేల కనిపించాయి. గుంతలు లేవంటే నేల కొత్తదన్న మాట. లోపలినుంచి ఏదో వచ్చి పైపొరను మళ్లీ మళ్లీ మారుస్తోందన్న మాట. అంత చిన్న ముద్ద ఎప్పుడో చల్లబడి గట్టిపడి ఉండాలి కదా అన్న సందేహం అప్పటినుంచే ఉంది.

1997 అక్టోబర్ 15న బయల్దేరిన కాసినీ నౌక 2004 జులైలో శని కక్ష్యలోకి చేరింది. 2005 ఫిబ్రవరిలో మొదటిసారి ఎన్సెలాడస్ పక్కనుంచి వెళ్లింది. నౌక మీద అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ ఉంది. శని అయస్కాంత రేఖలు ఆ చిన్న ఉపగ్రహం దగ్గరికి వచ్చేసరికి పక్కకు వంగుతున్నట్టు అది చూపించింది. వాయువు ఏమీ లేని ఉత్త మంచుబండ అయితే రేఖలు అలా వంగే పనిలేదు. మార్చిలో మళ్లీ వెళ్లారు, మళ్లీ అదే తీరు. ఆ పరికరం బాధ్యత చూస్తున్న మిషెల్ డౌఘర్టీ, లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్త, మిషన్ పెద్దల దగ్గరికి వెళ్లి జులైలో ఇంకా దగ్గరికి పోదామని అడిగారు, ఒప్పించారు. వెయ్యి కిలోమీటర్ల దూరంనుంచి వెళ్లాల్సిన నౌకను 2005 జులై 14న 173 కిలోమీటర్ల ఎత్తుకు దించారు.

ఈ ఘట్టం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మా పనిలో కూడా నీళ్లను ఎవరమూ కంటితో చూడం. భూమిలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి, ఎంత నిరోధం వస్తోందో చూస్తాం. గట్టి గ్రానైట్ ఉన్నచోట రీడింగు పైకి పోతుంది. పగులు ఉండి, పగుల్లో తడి ఉంటే గీత కాస్త కిందికి వంగుతుంది. ఆ కాస్త వంపును చూసి రైతు చేత లక్షలు ఖర్చు పెట్టించాలి. అప్పుడు ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. మీటరులో ఏదో తేడా ఉందని రీడింగును పక్కన పెట్టేయడం చాలా తేలిక. పైగా కాసినీ వెళ్లింది ఎన్సెలాడస్ కోసం కాదు; దాని జాబితాలో శని, వలయాలు, టైటాన్ అనే పెద్ద ఉపగ్రహం ముందుండేవి. అంత పెద్ద మిషన్ దారిని ఒక చిన్న వంపు చూసి మార్చమని అడగడానికి ధైర్యం కావాలి. అడిగితే విన్నవాళ్లకూ దండం పెట్టాలి.

దగ్గరికి వెళ్లాక అంతా బయటపడింది. దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి పగుళ్లు. ఒక్కోటి సుమారు 130 కిలోమీటర్లు, ఒకదానికొకటి సమాంతరంగా, మధ్యలో 35 కిలోమీటర్ల ఎడం. పులి ఒంటి మీది చారల్లా ఉన్నాయని పులిచారలన్నారు. వాటికి అలెగ్జాండ్రియా, కైరో, బాగ్దాద్, డమాస్కస్ అని పేర్లు. చుట్టుపక్కల నేలకంటే ఆ చారలు వెచ్చగా ఉన్నాయి. అదే ఏడాది నవంబర్‌లో వెనకనుంచి సూర్యకాంతి పడేలా ఫొటోలు తీస్తే, ఆ పగుళ్లలోంచి నీటి ఆవిరి, మంచు రేణువులు ధారలుగా అంతరిక్షంలోకి ఎగజిమ్మడం స్పష్టంగా కనిపించింది. తర్వాత లెక్కపెడితే సుమారు వంద ధారలు తేలాయి. అన్నీ కలిపి సెకనుకు దాదాపు 300 కిలోల నీళ్లు. ఆ రేణువుల్లో కొన్ని మంచులా మళ్లీ నేలమీదికి రాలతాయి, కొన్ని శని చుట్టూ పరుచుకుని ఈ-వలయం అనే పెద్ద పల్చటి వలయంగా మారతాయి. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసినప్పుడు ఆ ఆవిరి 9,600 కిలోమీటర్ల దాకా వ్యాపించి ఉంది. ఉపగ్రహం వెడల్పు 500, అది వదిలే ఆవిరి పొడవు దాదాపు పదివేలు.

గ్రానైట్ నేలలో పనిచేసేవాడికి పగులే సర్వస్వం. ఇసుక నేలలో ఎక్కడ తవ్వినా ఊట ఉంటుంది. మన దగ్గర బండ బండే, నీళ్లు పగుల్లోనే. అందుకే ఆ పగుళ్లు ఎందుకు మూసుకుపోవడం లేదన్నది నాకు పెద్ద ప్రశ్న. అంత చలిలో నీళ్లు బయటికి రాగానే గడ్డకట్టి దారి మూసేయాలి కదా? జవాబు శని చుట్టూ తిరగడంలోనే ఉంది. ఎన్సెలాడస్ 33 గంటల్లో ఒక చుట్టు పూర్తి చేస్తుంది. దానికి బయట తిరిగే డియోనీ అనే ఉపగ్రహం ఒక చుట్టు తిరిగేలోగా ఇది రెండు చుట్లు తిరుగుతుంది. ఈ లెక్క కుదరడంవల్ల డియోనీ లాగుడు ఎప్పుడూ ఒకే తీరులో పడి, ఎన్సెలాడస్ దారి పూర్తి గుండ్రం కాకుండా ఉండిపోతుంది. శనికి దగ్గరైనప్పుడు శని లాగుడు ఎక్కువ, దూరమైనప్పుడు తక్కువ. ప్రతి చుట్టులో ఉపగ్రహం ఒళ్లు కాస్త సాగి, కాస్త ముడుచుకుంటుంది. ఆ రాపిడే వేడి. పగుళ్లు కూడా ఆ లయకే తెరుచుకుని మూసుకుంటాయి: శనికి దూరంగా ఉన్నప్పుడు ధారలు దగ్గరగా ఉన్నప్పటికంటే కొన్ని రెట్లు ప్రకాశంగా కనిపిస్తాయని 2013లో తేలింది. అంటే ఆ బోరు 33 గంటలకోసారి ఎక్కువా తక్కువా పోస్తోంది. ఒకసారి పట్టిన శాంపిల్‌తో దాని సంగతి తేల్చలేం.

కింద ఏముందన్నది మెల్లగా తెలిసింది. ఉపగ్రహం తిరగడంలో చిన్న ఊగిసలాట ఉంది. ఆ ఊపు ఎంతో కొలిచి, మంచు పెంకు లోపలి రాతికి అంటుకుని ఉంటే అంత ఊగదని 2015లో నిర్ధారించారు. కాబట్టి మధ్యలో చుట్టూ సముద్రం ఉంది. మంచు సగటున 20 కిలోమీటర్లకు పైన మందం, దక్షిణ ధ్రువం దగ్గర మాత్రం బాగా పల్చన. సముద్రం అడుగున రాయి. నీళ్లు, రాయి ఒకదాన్నొకటి తాకుతున్నాయి. నల్గొండ మనిషికి ఈ మాట చెవిన పడగానే వచ్చే ప్రశ్న ఒకటే: ఆ రాయి నీళ్లల్లోకి ఏం వదిలింది?

మన సంగతి చెప్తాను. నల్గొండ నీళ్లల్లో ఫ్లోరైడ్ ఎందుకెక్కువ అంటే ‘మన రాయిలో ఉంది కాబట్టి’ అంటారు. అది సగం జవాబు. ఇక్కడి గ్రానైట్‌లో ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉన్నమాట నిజమే. కానీ రాయిలో ఉన్నదంతా నీళ్లల్లోకి రాదు. నీళ్లల్లో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడ్ నిలవదు, కాల్షియంతో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా గట్టిపడి అడుక్కి దిగిపోతుంది. మన దగ్గర వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్లు రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచిపోతాయి. నిలిచేకొద్దీ వాటిలో బైకార్బొనేట్ పెరుగుతుంది, క్షారగుణం పెరుగుతుంది, కాల్షియమేమో కార్బొనేట్‌గా మారి విడిపోతుంది. పొలం తవ్వితే మట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు దొరుకుతాయే, అవి అవే. కాల్షియం అలా వెళ్లిపోయాక ఫ్లోరైడ్‌ను పట్టి దింపేది ఎవరు? సోడియం తోడుగా అది నీళ్లల్లో కరిగి ఉండిపోతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా తాగొచ్చు అని మన ప్రమాణాలు చెప్తాయి. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఊళ్లల్లో గార పళ్లు, బిగుసుకుపోయిన మోకాళ్లు, వంగిపోయిన వెన్నులు. ఆ నీళ్లు చూడ్డానికి తేటగా ఉంటాయి, రుచికి కూడా బాగానే ఉంటాయి. కన్నూ నాలుకా పట్టుకోలేనిదాన్ని పరీక్ష ఒక్కటే పట్టుకుంటుంది.

ఇప్పుడు ఎన్సెలాడస్ సముద్రం. 2009లో ఈ-వలయం రేణువుల్లో సోడియం లవణాలు దొరికాయి: మామూలు ఉప్పు, దాంతోపాటు కార్బొనేట్లు. మంచు కరిగిన మంచినీళ్లలో ఇవి ఉండవు, రాతిని తాకి వచ్చిన నీళ్లలోనే ఉంటాయి. ఆ నీళ్లు క్షారగుణం ఉన్నవని, చాకలి సోడా కలిసిన నీళ్ల తరహా సముద్రమని అప్పుడే అంచనా కట్టారు. 2015లో అతి సూక్ష్మమైన సిలికా రేణువుల సంగతి బయటికొచ్చింది. అవి తయారవ్వాలంటే సముద్రం అడుగున 90 డిగ్రీలకు పైన వేడి ఉన్న నీళ్లు రాతిలోంచి రావాలి. 2023 జూన్‌లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంక్ పోస్ట్‌బెర్గ్ బృందం అన్నిటికంటే పెద్ద కబురు చెప్పింది: రేణువుల్లో సోడియం ఫాస్ఫేట్లు, అంటే ఫాస్ఫరస్ ఉన్న లవణాలు, ఉన్నాయి. సముద్రంలో ఫాస్ఫేట్ మన భూమి సముద్రాల్లోకంటే కనీసం వంద రెట్లు ఎక్కువ ఉండాలి.

అది ఎలా సాధ్యమో చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫాస్ఫేట్‌ను కూడా నీళ్లల్లోంచి పట్టి దింపేది కాల్షియమే, అపటైట్‌గా గట్టిపరిచి. ఎన్సెలాడస్‌లో కార్బొనేట్ ఎక్కువ, క్షారగుణం ఎక్కువ, అందువల్ల కాల్షియం కార్బొనేట్‌గా పోతుంది. పట్టి దింపేది లేక ఫాస్ఫేట్ సోడియం తోడుగా నీళ్లల్లో మిగిలిపోతుంది. ఇది మర్రిగూడ బోరు కథే! ఫ్లోరైడ్ ఉన్నచోట ఫాస్ఫేట్ పెట్టుకుంటే చాలు. ఇక్కడ ఆ రసాయనం మనుషుల ఎముకలను వంచింది. అక్కడ జీవానికి కావాల్సిన మూలకాల్లో దొరకడం కష్టమనుకున్న ఫాస్ఫరస్‌ను నీళ్లల్లో కరిగించి సిద్ధంగా ఉంచింది. డీఎన్ఏకు ఫాస్ఫరస్ కావాలి, కణం పైపొరకు కావాలి, మన ఎముకకూ కావాలి. నల్గొండ నీళ్లను అర్థం చేసుకోవడానికి పనికొచ్చే సూత్రాన్ని శని దాకా మోసుకెళ్లొచ్చని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇలాంటి నీళ్లతో మనం తరాలుగా బతికాం. ఎన్సెలాడస్ గురించి మాట్లాడే హక్కు మనకు ఇంకెవరికంటే తక్కువేమీ కాదు.

హైడ్రోజన్ సంగతి ఇంకా ఆసక్తికరం. 2015 అక్టోబర్ 28న కాసినీ 49 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 8.5 కిలోమీటర్ల వేగంతో ఆ ధారల మధ్యనుంచి దూసుకెళ్లింది. మాస్ స్పెక్ట్రోమీటర్ అనే పరికరం, అణువులను వాటి బరువును బట్టి వేరుచేసి గుర్తించేది, ఆవిరిలో హైడ్రోజన్ వాయువును పట్టుకుంది. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. వేడి రాయి, నీళ్లు కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది. మన సముద్రాల అడుగున ఎండే పడని చీకట్లో కొన్ని సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేసి, ఆ శక్తితోనే బతుకుతాయి. ఎన్సెలాడస్ ధారల్లో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ మూడూ ఉన్నాయి. కాబట్టి అక్కడ జీవం ఉన్నట్టేనా? అలా రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది. తిండి అంత మిగిలి ఉందంటే తినేవాళ్లు లేరేమో అని కూడా అడగాలి కదా. శాస్త్రవేత్తలే ఈ ప్రశ్న వేశారు. ఉండీ కొద్దిగానే ఉన్నారేమో, వండే వేగం తినే వేగంకంటే ఎక్కువేమో. ఇవన్నీ ఉన్న లెక్కల్లోంచి తేలే ప్రశ్నలు కావు. ఇంకో శాంపిల్ కావాలి.

ఆ పరికరం గురించి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అంతకుముందు వెళ్లినప్పుడు కూడా హైడ్రోజన్ కనిపించింది. కానీ ఆవిరి వచ్చి పడే గది టైటానియంతో చేసింది. మంచు రేణువులు ఆ వేగంతో టైటానియం గోడను కొడితే అక్కడే హైడ్రోజన్ పుడుతుంది. అది ఎన్సెలాడస్ హైడ్రోజనా, మన గది గోడ హైడ్రోజనా? అందుకని 2015లో ఆవిరి గోడను తాకకుండా నేరుగా లోపలికి వచ్చే ఇంకో పద్ధతిలో కొలిచారు. నీళ్ల పరీక్ష చేసే ప్రతి ఒక్కరికీ ఇది తెలిసిన బాధే. ఫ్లోరైడ్ పరీక్షకు శాంపిల్ గాజు సీసాలో పట్టొద్దు, ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి అంటాం. ఫ్లోరైడ్ గాజుతో కలిసిపోతుంది కాబట్టి. పట్టే ముందు అవే నీళ్లతో సీసాను కడగాలి. బోరు చాలాసేపు నడిచాకే పట్టాలి. ఇవేవీ చూడకుండా వచ్చిన అంకె ఎంత చిన్నదైనా పెద్దదైనా నేను నమ్మను.

కాసినీ మీద నాకు గౌరవం తప్ప ఇంకేమీ లేదు. ఆ పరికరాలు తయారయ్యే నాటికి ఎన్సెలాడస్ నీళ్లు చిమ్ముతుందని ఎవరికీ తెలియదు. తెలియని నీళ్లను, వేరే పనికి చేసిన పనిముట్లతో, తూటాకంటే ఎన్నో రెట్లు వేగంగా పోతూ పరీక్షించారు. ఆ వేగానికి పెద్ద అణువులు ముక్కలైపోతాయి. ముక్కలను చూసి ముందున్నదేమిటో ఊహించాల్సి వస్తుంది. 2017 సెప్టెంబర్ 15న ఇంధనం అయిపోవస్తున్న కాసినీని శని వాతావరణంలోకి దింపి కాల్చేశారు. ఎప్పుడో అది ఎన్సెలాడస్ మీదో టైటాన్ మీదో పడి, భూమినుంచి అంటుకొచ్చిన సూక్ష్మజీవులతో అక్కడి నీళ్లను పాడుచేయకూడదని. ఇరవై ఏళ్లు పనిచేసిన నౌకను నీళ్ల శుభ్రత కోసం బలి ఇచ్చారు. ఫాస్ఫేట్ దొరికింది ఆ నౌక కాలిపోయిన చాలాకాలానికి, అది పంపిన పాత లెక్కల్లోనే.

ఇక ఆ పాత ప్రశ్న. చండూరు దగ్గర ఒక రైతు, బోరు పాయింటు చూసి టీ తాగుతున్నప్పుడు, నేను ఈ సంగతులు చెప్తుంటే అడ్డుపడ్డాడు. “గంత దూరం నౌకలు తోలి నీళ్లు సూసుడెందుకు సారూ? ఈడ మా బోర్లల్ల నీళ్లు ఎవ్వలు సూస్తున్రు?” ఆయన కోపంలో న్యాయం ఉంది, జవాబు చెప్పాల్సిందే.

నల్గొండలో ఫ్లోరోసిస్ గురించి 1945లోనే వైద్య పత్రికలో వ్యాసం అచ్చయింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను దింపే పద్ధతిని నాగపూర్ లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసి, దానికి మన జిల్లా పేరే పెట్టింది. నల్గొండ టెక్నిక్ టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. నల్గొండలో మాత్రం ఊరూరా కృష్ణా నీళ్లు నల్లాల్లోకి రావడానికి 2016లో మొదలైన మిషన్ భగీరథ దాకా ఆగాల్సి వచ్చింది. 1945కూ 2016కూ మధ్య ఎన్ని తరాల పిల్లలు ఆ నీళ్లు తాగి పెరిగారో లెక్కేసుకోండి. ఈ ఆలస్యం నౌకలకు డబ్బు పోయినందువల్ల జరిగిందా? జబ్బు తెలుసు, కారణం తెలుసు, మందు కూడా తెలుసు. తెలిసినదాన్ని పట్టించుకోవాల్సినవాళ్లు పట్టించుకోలేదు. ఒక తండాలో కొత్త బోరు నీళ్లు పరీక్షకు పంపితే, రిపోర్టు వచ్చేసరికి ఎండాకాలమంతా పిల్లలు ఆ నీళ్లే తాగడం నేను చూశాను. ఆ రిపోర్టును కాసినీ ఆపలేదు.

కాబట్టి ఆ రైతుకు చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. నీ బోరు నీళ్లు ఎవరూ చూడకపోవడం అన్యాయం, దానికోసం కొట్లాడదాం, నేనూ వస్తాను. కానీ ఎక్కడో ఒకచోట నీళ్లను ఎలా చూడాలో అలా చూస్తున్నారంటే దాన్ని ఆపమని అడగడం మన కొట్లాట కాదు. నీళ్లను ఎంత జాగ్రత్తగా పరీక్షించొచ్చో చూపే ఆ ఉదాహరణను తెచ్చి మన ఆఫీసుల బల్లల మీద పెట్టి, ఇక్కడెందుకు చేయరని అడగాలి. శని దగ్గర ఎగిరే మంచు రేణువులో ఏముందో చెప్పగలిగిన మనిషికి, మర్రిగూడ బోరును వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి పరీక్షించడం కష్టమా?

ఇప్పుడు దారిలో ఉన్న నౌకలు వేరే గ్రహానివి. 2024 అక్టోబర్‌లో బయల్దేరిన యురోపా క్లిప్పర్ 2030లో గురుగ్రహం చేరి, దాని ఉపగ్రహం యురోపా పక్కనుంచి 49 సార్లు వెళ్తుంది. ఐరోపావాళ్ల జ్యూస్ నౌక 2023లో బయల్దేరింది, గురుడి ఇంకో ఉపగ్రహం గనిమీడ్ దాని గమ్యం. రెండూ గొప్ప ప్రయాణాలే. కానీ యురోపా నీళ్లు మందపాటి మంచు కింద ఉన్నాయి. ధారలు ఉన్నాయా అన్నది ఇంకా తేలలేదు. మనిషి భూమి మీద వేసిన అతి లోతైన బోరు, రష్యాలో కోలా దగ్గరిది, 12 కిలోమీటర్లు దాటి ఆగిపోయింది. బోర్లతో బతికేవాడిగా చెప్తున్నా, అంత మంచును ఇంకో గ్రహం దగ్గర తొలవడం మన జీవితకాలంలో అయ్యే పని కాదు. ఎన్సెలాడస్‌లో తొలవాల్సిన పనే లేదు. సముద్రం తనంతట తానే పైకి వస్తోంది, మంచులా రాలుతోంది. నెమ్మదిగా దిగి ఆ రాలిన మంచును గిన్నెలోకి ఎత్తుకుంటే చాలు. అణువులు ముక్కలు కావు, గది గోడలు అబద్ధం చెప్పవు. 33 గంటల లయ అంతటా పట్టొచ్చు, నెలల తరబడి పట్టొచ్చు.

ఆ ఆలోచనతోనే ఆర్బిలాండర్ అనే నౌకను అమెరికా శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు: కొంతకాలం చుట్టూ తిరిగి, ఆ తర్వాత దిగి, నేలమీద పరీక్షలు చేసేది. 2022లో వచ్చిన అమెరికా గ్రహ పరిశోధనల పదేళ్ల ప్రణాళికలో దానికి పెద్ద మిషన్లలో రెండో స్థానం ఇచ్చారు, మొదటిది యురేనస్‌కు. ఆ వరుసతో నేను ఏకీభవించను. యురేనస్‌ను చూడాల్సిందే, కానీ పరీక్షకు సిద్ధంగా ఉన్న నీళ్లను రెండో వరుసలో పెడితే అక్కడికి చేరేసరికి 2050 అవుతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థకు సలహా ఇచ్చిన నిపుణుల బృందం 2024లో తమ తర్వాతి పెద్ద మిషన్‌కు ఎన్సెలాడస్‌నే మొదటి గమ్యంగా చెప్పింది. వాళ్ల నౌక బయల్దేరేది 2040లలో, దిగేది 2050లలో. ధ్రువం మీద ఎండ ఉండే కాలం చూసుకోవాలి, శనికి ఒక ఏడాది అంటే మనకు 29 ఏళ్లు దాటుతుంది. కొంత ఆలస్యం ప్రకృతిది, ఒప్పుకుంటాను. మిగతాది డబ్బుదీ, ఇష్టానిదీ.

మన దేశం ఇందులో చూస్తూ కూర్చోవాల్సిన పనిలేదు. 2008 నవంబర్‌లో చంద్రయాన్-1 నుంచి చంద్రుడి మీదికి వదిలిన మూన్ ఇంపాక్ట్ ప్రోబ్‌లో చేస్ అనే చిన్న మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది. దిగుతూ దిగుతూ అది నీటి జాడలు పట్టింది. మంగళయాన్‌లో మెన్కా, చంద్రయాన్-2లో చేస్-2, రెండూ ఆ కుటుంబానివే. తిరువనంతపురంలో విక్రమ్ సారాభాయ్ కేంద్రంలోని స్పేస్ ఫిజిక్స్ ల్యాబొరేటరీ వాటిని చేసింది. అంటే చంద్రుడి దగ్గర, అంగారకుడి దగ్గర అణువులను తూచిన చేతులు మన దగ్గర ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది, నల్గొండ నీళ్లల్లో ఫ్లోరైడ్ మీద అక్కడ పనిచేసినవాళ్లున్నారు. ఫాస్ఫేట్ సంగతి రూఢి చేసుకోవడానికి జపాన్ శాస్త్రవేత్తలు ఉల్కల్లాంటి రాతిని క్షార జలంలో ఉంచి ఏం కరుగుతుందో చూశారు. క్షార జలం, రాయి, కాల్షియం లేమి: ఈ మూడింటి మీద పరిశోధన చేసి డాక్టరేట్లు తీసుకున్నవాళ్లు మన విశ్వవిద్యాలయాల్లో ఎంతమంది లేరు! రాయి మారుతుంది, వేడి మారుతుంది, పని అదే.

ఐరోపా నౌక ఇంకా కాగితాల మీదే ఉంది. దానికి ఏ పరికరాలు పెట్టాలి, ఎవరు చేయాలి అన్నది రాబోయే కొన్నేళ్లలో తేలుతుంది. ఇస్రో ఆ బల్ల దగ్గరికి వెళ్లి, ఆవిరిని తూచే పరికరం మేం చేస్తాం, ఇదివరకు చేశాం, ఇవిగో లెక్కలు అని చెప్పాల్సింది ఇప్పుడే. రాతి-నీళ్ల ప్రయోగాలకైతే అంతవరకూ ఆగాల్సిన పని కూడా లేదు. దానికి నౌక అక్కర్లేదు, ఒక ప్రెజర్ పాత్ర, కొంత రాయి, మన నీళ్ల మీద ఇన్నాళ్లూ పనిచేసిన నలుగురు రసాయన శాస్త్రవేత్తలు ఉంటే వచ్చే ఏడాదే మొదలుపెట్టొచ్చు.